డీజిల్ మేస్త్రీ తీర్పు

“స్టార్టయి మూడు సెకన్లు కాలేదు. అప్పుడే ఎందుకు ఆపేశావు?”

డ్రైవరమ్మ కారు తాళంచెవి వంటింటి బల్ల మీద పెట్టి, కుళాయి తిప్పి చేతులు కడుక్కుంది. కడిగిన చేతుల్నే మళ్ళీ కడిగింది.

“నిన్నే అడిగేది,” అన్నాడు మొగుడు.

“వినపడింది.”

“వినపడితే చెప్పు మరి. నిన్న సాయంత్రం మీ బావగారింటి దగ్గర్నుంచి ఇక్కడిదాకా నువ్వే నడిపావు. గాలిలో తేలినట్టుందన్నావు. అన్నం తింటున్నంతసేపూ దాని ముచ్చటే. తెల్లారేసరికి ఏమైంది?”

“తెల్లారేసరికి ఇంజను చల్లారింది. అదే అయింది.”

అతనికి ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యే మనిషీ కాదు. ప్రెస్సులో పుస్తకాలు బైండు చేస్తాడు. కాగితం పట్టుకుంటే దాని మందం వేలితో చెప్పగలడు గానీ, కారంటే అతనికి నాలుగు చక్రాలూ ఒక హారనూ, అంతే.

కిటికీలోంచి కారు కనిపిస్తోంది. నీలం రంగు ఇటాలియన్ డీజిల్ బండి. తొమ్మిదేళ్ళ పాతది, బావది మూడో చెయ్యి. షెడ్డు ముందు సందులో నిలబెట్టారు. మామగారు పాత బనీను గుడ్డతో దాని అద్దం తుడుస్తున్నాడు. డీజిల్ మేస్త్రీ అంటే ఆయనే, ఆ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. నలభై ఏళ్ళు ఇంజన్లు విప్పి బిగించిన చేతులు. షెడ్డు మూసేసి రెండేళ్ళు కావస్తున్నా, అద్దం తుడిచేటప్పుడు కూడా ఆ చేతులు ఏదో బోల్టు వెతుకుతున్నట్టే కదులుతున్నాయి.

ఇందాక ఆ మూడు సెకన్లలో జరిగింది ఇదీ. ఆమె తాళం తిప్పింది. ఇంజను అందుకుంది. అందుకుంటూనే బానెట్టు ఒక పక్కనుంచి, రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు, సన్నగా గలగలా చప్పుడు వచ్చింది. ఆమె చెయ్యి దానంతటదే తాళాన్ని వెనక్కి తిప్పేసింది.

బానెట్టు మీద చెయ్యి వేసి నిలబడ్డ మామగారి మొహంలో మాత్రం చిరునవ్వు చెక్కు చెదరలేదు.

“చూశావామ్మా? గుండె ఎంత నిబ్బరంగా కొట్టుకుంటోందో!” అన్నాడాయన.

తొమ్మిదేళ్ళుగా అద్దె వ్యాను నడిపిన తనకి వినపడింది. నలభై ఏళ్ళ మేస్త్రీకి వినపడలేదా?

“చూడు,” మొగుడు గొంతు తగ్గించాడు, “నిన్న నాన్న మీ బావగారింట్లో అందరి ముందూ ఇంజను విని చెప్పాడు. బండి బాగుంది, కళ్ళు మూసుకుని తీసుకోండి అన్నాడు. ఇంతకంటే ఏం కావాలి? నాన్న మాట మీద నీకు నమ్మకం లేదా?”

“నమ్మకం సంగతి కాదండీ.”

“మరి?”

ఆమె తువ్వాలుతో చేతులు తుడుచుకుంది. మీ నాన్నగారికి ఆ చప్పుడు వినపడలేదన్న మాట నోటిదాకా వచ్చింది. చెప్పకుండా మింగింది.

“పదకొండింటికి మీ అక్కా బావా కాగితాలు పట్టుకుని వస్తున్నారు,” అన్నాడు అతను. “సంతకం అవ్వాలి. రేపు పొద్దున్న అయిదింటికి నువ్వు కొండెక్కాలి. ఆ నలుగురికీ మాటిచ్చింది నువ్వే. నేను కాదు.”

“అందుకే కదా నా భయం.”

ఆ నలుగురూ కొండ మీది కాలనీలో ఉండే కిడ్నీ రోగులు. వారానికి మూడుసార్లు కింద ఆసుపత్రికి తీసుకువచ్చి, డయాలసిస్ అయ్యాక మళ్ళీ ఇళ్ళ దగ్గర దింపాలి. ఇన్నాళ్ళూ అద్దె వ్యానులో తెచ్చేది. వ్యాను యజమాని దాన్ని అమ్మేసుకున్నాడు. సొంత బండి ఉంటే పని నీదే అంది ఆసుపత్రి. ఆ నలుగురిలో ఒక పెద్దావిడ ఉంది. ఒక్క పూట ఆలస్యమైతే ఆవిడకి ఊపిరి అందదు. కిందటేడు వ్యాను టైరు పేలి గంటన్నర మలుపులో ఆగిపోతే, ఆవిడ డ్రైవరమ్మ మణికట్టు పట్టుకుని, “నన్ను ఇక్కడ చావనివ్వకే తల్లీ” అంది. ఆ గోళ్ళ గుర్తులు వారంపాటు పోలేదు.

“మీ నాన్నగారితో నేను మాట్లాడి వస్తాను,” అంది డ్రైవరమ్మ.

“ఏం మాట్లాడతావు? ఆయన మొహం మీదే, మీకు పని రాదని చెప్తావా?”

“మీరు ఒక్క అరగంట నోరు మూసుకుంటారా?”

ఆ మాట ఆమె అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. అతను ఆమె వంక చూసి, కుర్చీ వెనక్కి నెట్టి, ముందు గదిలోకి వెళ్ళిపోయాడు. ప్రెస్సు నుంచి తెచ్చుకున్న పుస్తకాల కట్ట విప్పుతున్న చప్పుడు, మళ్ళీ కడుతున్న చప్పుడు వినిపించాయి.

షెడ్డులో మేస్త్రీ గోడవైపు తిరిగి, బల్ల మీద కారు సర్వీసు పుస్తకం తిరగేస్తున్నాడు. డ్రైవరమ్మ నాలుగడుగుల వెనక ఆగింది.

“మామయ్యా.”

ఆయన పేజీ తిప్పాడు.

“మామయ్యా, ఇంజను లోపలి చైను చప్పుడు చేస్తోంది.”

ఆయన వేలు తడిచేసుకుని ఇంకో పేజీ తిప్పాడు.

గొంతు పెంచి ఇంకోసారి పిలిచింది. ఆ పిలుపుకి సందులో పోతున్న సైకిలు మనిషి కూడా తల తిప్పి చూశాడు. మేస్త్రీ తిరగలేదు. చివరికి ఆమె నీడ బల్ల మీద పడితే తిరిగి, మొహం నిండా నవ్వాడు.

“ఏమ్మా, టీ తెచ్చావా?”

“ఇందాకట్నుంచీ పిలుస్తున్నాను మామయ్యా.”

“పరధ్యానంలో ఉన్నాలే అమ్మా.”

ఆమె భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నట్టు నోటికి అడ్డం పెట్టుకుని అడిగింది: “ఈ బండికి నూనె ఎప్పుడు మార్చారని రాసుంది?”

“ఆఁ, ఆఁ. అలాగే,” అన్నాడాయన. “అలాగే చేద్దాం.”

తువ్వాలు తీసేసరికి ఆమె కళ్ళు చెమర్చాయి. అది చూసిన మేస్త్రీ నవ్వు కొంచెం కొంచెంగా ఇంకిపోయింది. తను ఎక్కడో తప్పు జవాబు చెప్పానని ఆయనకి అర్థమైంది.

ఆమె ఆయన ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. ఒక్కో మాటా విడివిడిగా అంది.

“పొద్దున స్టార్ట్ చేసినప్పుడు చైను గలగలలాడింది మామయ్యా. నాకు వినపడింది. మీకు వినపడలేదు.”

ఆయన సర్వీసు పుస్తకం మూసి, దాని మూలలు సరిచేశాడు. సరిగ్గా ఉన్నదాన్నే మళ్ళీ సరిచేశాడు.

“మొదట పిచ్చుకలు పోయాయమ్మా,” అన్నాడు చివరికి. “సందులో పిచ్చుకలే లేకుండా పోయాయనుకున్నాను. ఓ రోజు చూస్తే తీగ మీద వరసగా కూర్చుని నోళ్ళు తెరుస్తున్నాయి. చప్పుడు లేదు. తర్వాత కుక్కరు ఈల పోయింది. ఫోను గంట పోయింది. లావు చప్పుళ్ళు తెలుస్తాయి. ఇంజను దెబ్బ తెలుస్తుంది. సన్నవే పోయాయి. మాటలంటావా, సగం పెదాలు చూసి, సగం ఊహించి లాక్కొస్తున్నాను.”

“డాక్టరుకి చూపించుకోవచ్చుగా?”

“చూపిస్తే అవునంటాడు.”

ఆమెకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

“నలభై ఏళ్ళు జనం నా దగ్గరికి వచ్చింది ఈ చెవుల కోసమే,” అన్నాడాయన. “విప్పకుండా రోగం చెప్పేవాణ్ణి. ఆ చెవులే పోయాయని ఎలా చెప్పుకోను? అందుకే షెడ్డు మూశాను. మోకాళ్ళ నొప్పులని అందరికీ చెప్పాను. నిన్న మీ బావగారు పదిమందిలో, మీరే విని చెప్పాలి మేస్త్రీగారూ, మీ మాటే మాకు వేదం అంటే, కాదనలేకపోయాను. అబద్ధం మాత్రం ఆడలేదమ్మా. నాకు వినపడినంతవరకూ అది మంచి ఇంజనే.”

అంతలోనే ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

“చైను అన్నావు. ఎలా వచ్చింది చప్పుడు? మొదట వచ్చి ఆగిపోయిందా, వస్తూనే ఉందా?”

“ఆగేదాకా నేను ఉంచలేదు. ఆపేశాను.”

“నిన్న అక్కడ స్టార్ట్ చేసినప్పుడు?”

“లేదు. అసలు లేదు.”

మేస్త్రీ తన కుడి అరచేతిని వెనక్కి ముందుకి తిప్పి చూసుకున్నాడు. నిన్నటి జ్ఞాపకాన్ని చేతిలో వెతుకుతున్నట్టుంది.

“బానెట్టు వెచ్చగా ఉంది నిన్న,” అన్నాడు. “ఎండకి కాగిందనుకున్నాను. బండి ఉన్నది చావిట్లో కదమ్మా. అక్కడికి ఎండెలా వస్తుంది?”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

“పద,” అన్నాడాయన. “ఇవాళ నా చెవులు నువ్వే.”

బానెట్టు ఎత్తారు. ఆయన నూనె మట్టం చూసే పుల్ల లాగి, నూనె చుక్క బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య రుద్దాడు. డ్రైవరమ్మ వంగి చూసి, నల్లగా ఉందంది. డీజిల్ ఇంజన్లో నూనె నల్లగా ఉండటం తప్పు కాదనీ, కొత్తది పోసిన వారానికే నల్లబడుతుందనీ చెప్పాడు. కానీ ఇది నీళ్ళలా పలచబడింది. వేళ్ళ మధ్య సన్నటి గరుకు తగులుతోంది. సర్వీసు పుస్తకంలో అరవై వేల కిలోమీటర్ల దగ్గర ఒక ముద్ర ఉంది. ఆ తర్వాత లక్షా పదివేల దగ్గర ఉంది. మధ్యలో ఏమీ లేదు.

“ఏభై వేలు ఒకే నూనెతో తిప్పారా?” అంది ఆమె.

“తిప్పి ఉండాలి. చైనుని బిగించి పట్టేది ఆ నూనె ఒత్తిడే. నూనె చచ్చిపోతే చైను సాగుతుంది. సాగిన చైను, ఇంజను చల్లగా ఉన్నప్పుడు రెండు క్షణాలు వదులుగా కొట్టుకుంటుంది. నూనె పైకెక్కాక నోరు మూసుకుంటుంది.”

“వేడి చేసి ఉంచితే?”

“అసలు నోరే విప్పదు.”

ఆయన ఒక పొడవాటి స్క్రూడ్రైవరు తెచ్చి, మొనని చైను ఉండే మూత మీద ఆనించి, పిడి ఆమె చెవికి తగిలేలా పట్టుకోమన్నాడు. తన అరచేతిని అదే మూత మీద పరిచాడు. తాళం తిప్పడానికి ఎవరూ లేకపోతే డ్రైవరమ్మ లోపలికి వెళ్ళి మొగుణ్ణి పిలిచింది. అతను మాట్లాడకుండా వచ్చి, మాట్లాడకుండా తాళం తిప్పాడు.

గలగలా.

ఆమె ఎడమ చెయ్యి వేళ్ళతో లెక్కపెట్టి చూపించింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగో వేలు దగ్గర చప్పుడు పోయింది. మేస్త్రీ కళ్ళు మూసుకుని ఉన్నాడు. మూత మీద ఆయన చెయ్యి బిగుసుకుని, సడలింది. చేతికి తెలిసింది.

నూనె పోసే మూత తీసి, ఆ రంధ్రం మీద అరచెయ్యి పెట్టి ఆవిరి ఎంత తంతోందో చూశాడు. పొగగొట్టం దగ్గర తెల్ల గుడ్డ పట్టించాడు. బండి కింద పడుకుని తుప్పు గోకి చూశాడు. డెబ్బయ్యో ఏట ఆయన అంత చురుగ్గా కదలడం కోడలు ఈ మధ్య ఎప్పుడూ చూడలేదు.

“ఆపు,” అన్నాడు లేచి. కొడుకు ఆపాడు.

“ఏమిటిదంతా?” అన్నాడు కొడుకు, ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ.

మేస్త్రీ కోడలి వంక చూశాడు. ఆ చూపులో బతిమాలడం ఉంది. ఆమె తల దించుకుంది.

“బండి చెడ్డది కాదు,” అన్నాడు మేస్త్రీ. “ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు, ఇటలీ బండి కొని చూడు అని ఎగతాళి చేస్తారు. ఆ ఎగతాళి నేను ఒప్పుకోను. ఈ చిన్న డీజిల్ ఇంజను గట్టి పిండం. సిలిండర్లు బాగున్నాయి. తుప్పు లేదు. వేళకి నూనె మార్చకుండా దీని ప్రాణం తీశారు. చైనూ, దాన్ని బిగించే సామానూ మార్చాలి. మార్చకుండా ఎక్కితే, ఓ రోజు కొండ మీద చైను పళ్ళ చక్రం మీద పన్ను జారుతుంది. జారిన క్షణంలో ఇంజను లోపలిది లోపలే పిండి అయిపోతుంది. స్టీరింగు బరువెక్కిపోతుంది. బ్రేకు రాయిలా అవుతుంది.”

“నిన్న కళ్ళు మూసుకుని తీసుకోమన్నావుగా?”

మేస్త్రీ స్క్రూడ్రైవరు తుడవడం మొదలుపెట్టాడు.

“నాకు నచ్చలేదు,” డ్రైవరమ్మ అడ్డం వచ్చింది. “నేనే మళ్ళీ చూడమన్నాను. అంతే.”

“అంతేనా?”

“అంతే.”

మొగుడు తాళంచెవి బల్ల మీద పడేశాడు. “మీ ఇద్దరూ నా దగ్గర ఏదో దాస్తున్నారు,” అన్నాడు.

పదకొండుకి పది నిమిషాల ముందే అక్కా బావా ఆటో దిగారు. బావది ఊళ్ళో పెద్ద గాజు అద్దాల షాపు. వస్తూనే కారు టాపు మీద చరిచి, “ఏం మరదలా, మా నీలమ్మ నిన్ను నిద్రపోనిచ్చిందా?” అన్నాడు. అక్క వెనకే వచ్చింది. చేతి సంచి ఒళ్ళో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చుంది. చెల్లెలు పలకరిస్తే తలూపింది గానీ కళ్ళు కలపలేదు.

టీలు ఇచ్చారు. బావ కాగితాలు బల్ల మీద పరిచి కలం మూత తీశాడు.

“బావగారూ,” డ్రైవరమ్మ నిలబడే అంది, “చైను మార్పించి ఇవ్వండి. అప్పుడు సంతకం పెడతాను.”

“ఏ చైను?”

“ఇంజను చైను. సాగిపోయింది. పొద్దున స్టార్ట్ చేస్తే గలగలలాడింది.”

“ఎవరన్నారు?”

“నేను విన్నాను.”

బావ నవ్వాడు. “నువ్వు విన్నావు! నలభై ఏళ్ళ మేస్త్రీగారికి వినపడని చప్పుడు నీకు వినపడింది. విన్నావా తమ్ముడూ మీ ఆవిడ మాట? కట్టుకున్నవాడి తండ్రిని పట్టుకుని, ఆయన చెవులు పనికిరావని అంటోంది.”

డ్రైవరమ్మ మొగుడి మొహం ఎర్రబడింది. “అన్నయ్యగారూ, ఆమె ఉద్దేశం అది కాదు.”

“మరేమిటి? చుట్టాలని తక్కువకి ఇస్తే లోకువ కట్టారా? బయట ఇద్దరు దీనికోసం నా కాళ్ళ చుట్టూ తిరుగుతున్నారు.” టీ కప్పు ఎత్తి నోటికి అడ్డంగా పట్టుకున్నాడు. కప్పు వెనకనుంచే, గొంతు పెంచకుండా అడిగాడు: “ఏం మేస్త్రీగారూ, నిన్న మీరు విన్నప్పుడు చైను చప్పుడేమీ లేదు కదా? బండి ఉన్నపళంగా కొండెక్కుతుంది కదా?”

మేస్త్రీ బావ మొహంలోకి చూశాడు. పెదాలు కనిపించలేదు. ఏదో అడిగాడని మాత్రం తెలిసింది. అలవాటైన చిరునవ్వు మొహం మీదికి వచ్చేసింది.

“ఆఁ, అవునవును,” అన్నాడు.

“అదీ!” బావ కప్పు దించాడు. “విన్నారుగా అందరూ?”

“ఇందాక ఒక మాట, ఇప్పుడు ఒక మాటా?” కొడుకు తండ్రి మీదికి తిరిగాడు. “అరగంట కిందట, ఎక్కితే చస్తారన్నావు. ఇప్పుడు కొండెక్కుతుందంటున్నావు. ఏది నిజం నాన్నా? ఎక్కేది నా పెళ్ళాం!”

మేస్త్రీకి కొడుకు పెదాలు కనిపించాయి. తను దేనికి అవునన్నాడో అప్పుడు తెలిసింది. ఆయన చేతులు బల్ల అంచు పట్టుకున్నాయి. డ్రైవరమ్మ ఏదో అనబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

“నాకు వినపడదు,” అన్నాడు.

ఆయన బల్ల అంచు వదిలేశాడు.

“నిన్న వినపడలేదు. ఇప్పుడు ఈయన ఏమడిగాడో కూడా వినపడలేదు. కోడలి మాట నిజం. నిన్నటి నా మాట లెక్కలోకి తీసుకోకండి.”

బావ తేరుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. “అయ్యయ్యో, ఎంత మాట! నాకేం తెలుసు మేస్త్రీగారూ? తెలిస్తే మిమ్మల్ని అడుగుతానా? ఏదో పెద్దవారని…”

“మీకు తెలుసు,” అంది అక్క.

అంతసేపటికి ఆవిడ నోట వచ్చిన మొదటి మాట అది. సంచి పిడిని రెండు చేతులా పట్టుకుని, నేల చూస్తూ అంది.

“పోయిన నెల ఈ ఇంటికి వచ్చి వెళ్ళాక నాతో చెప్పారు. షెడ్డులో వెనకనుంచి నాలుగుసార్లు పిలిచాను, ముసలాయనకి బ్రహ్మచెవుడు, ఇంట్లోవాళ్ళకే తెలీదు అని నవ్వారు. చెల్లి బండి వెతుకుతోందని తెలియగానే, ఆయన్నే చూడమందాం, ఆయన మాట అయితే ఎవరూ కాదనరు అన్నారు. నిన్న వీళ్ళు రావడానికి ముందు ముప్పావుగంట చావిట్లో ఇంజను తిప్పి ఉంచారు. పొగ ఇంట్లోకి వస్తోందని నేను తలుపులు వేశాను.”

“నోరు ముయ్యి.”

“తలుపులు వేశాను గానీ, చెల్లికి ఫోను చెయ్యలేదు,” ఆవిడ గొంతు జీరపోయింది. “నా తప్పూ ఉంది. చెల్లి రేపు ఆ బండిలో నలుగురు రోగుల్ని ఎక్కించుకుని కొండ దిగుతుందని తెలిసి కూడా.”

డ్రైవరమ్మ అక్క వంక చూసింది. కోపం రావలసిన చోట ఏమీ రాలేదు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే దుప్పటి కింద పడుకుని, ఒకరి తప్పు ఒకరు నెత్తిన వేసుకుని దెబ్బలు తిన్న రోజులు ఎందుకో కళ్ళ ముందు కదిలాయి.

బావ లేచాడు. కాగితాలు మడిచి జేబులో దోపుకున్నాడు. “పాత బండి అమ్మేవాడు దాని జాతకం చదివి వినిపిస్తాడా? కొనేవాడి కళ్ళూ చెవులూ కొనేవాడివే. అవి లేకపోతే అది నా తప్పా? బండి అక్కడే ఉంది. ఏం చేసుకుంటారో చేసుకోండి. సంతకం మాత్రం నేను పెట్టను.” పెళ్ళాం వైపు తిరిగి, “పద,” అన్నాడు.

అక్క లేవలేదు.

“నిన్నే. పద.”

“మీరు వెళ్ళండి,” అంది ఆవిడ. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ మాట ఎప్పుడూ అనలేదని ఆవిడ మొహమే చెబుతోంది. సంచి ఒళ్ళోంచి తీసి కుర్చీ పక్కన నేల మీద పెట్టింది.

బావ గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, చెప్పులు వేసుకుని సందు మలుపు తిరిగాడు.

డ్రైవరమ్మ ఆసుపత్రికి ఫోను చేసింది. రేపటికి బండి సిద్ధంగా ఉండదనీ, ఏదో ఒక బండి చూసుకోవడానికి నాలుగు రోజులు గడువు కావాలనీ అడిగింది. అవతలి గొంతు, కనుక్కుని చెప్తాం, ఈలోపు ఇంకెవరైనా దొరికితే మాత్రం మాట ఇవ్వలేమంది. ఎవరు వచ్చినా పెద్దావిడని ముందు సీట్లో కూర్చోబెట్టమనండి, వెనక సీటైతే ఆవిడకి కడుపులో తిప్పుతుంది అని చెప్పి డ్రైవరమ్మ ఫోను పెట్టేసింది. వెళ్ళి అక్క పక్కన కూర్చుంది. అక్క చెయ్యి వచ్చి ఆమె మోకాలి మీద పడింది. డ్రైవరమ్మ దాన్ని తొయ్యలేదు, పట్టుకోనూ లేదు.

మొగుడు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అతను చూస్తున్నది తండ్రినే.

“ఎన్నాళ్ళ నుంచి?” అన్నాడు.

మేస్త్రీ అతని పెదాలు చూశాడు. “మూడేళ్ళు కావస్తోంది. మొదట్లో కొంచెం తెలిసేది. వెనకనుంచి పిలిస్తే బొత్తిగా తెలియకుండా పోయి రెండున్నరేళ్ళు.”

కొడుకు వేళ్ళు మడిచి ఏదో లెక్క చూసుకున్నాడు. మళ్ళీ చూసుకున్నాడు. అతని మొహంలో రంగు మారింది.

“రెండేళ్ళ కిందట,” అన్నాడు, “వానాకాలంలో. షెడ్డు మూసే ముందు. నువ్వు గోడవైపు తిరిగి ఆకురాయి పడుతున్నావు. నేను నీ వెనకాలే నిలబడి, ఇంట్లో ఇంకెవరికీ చెప్పుకోలేని ఒక సంగతి చెప్పాను నాన్నా. మొత్తం చెప్పాను. చెప్పి, నువ్వు తిరుగుతావని చాలాసేపు నిలబడ్డాను.”

మేస్త్రీ ముందుకి వంగాడు.

“నువ్వు తిరగలేదు. ఆకురాయి పట్టడం కూడా ఆపలేదు. నా మాటకి అదే నీ జవాబనుకున్నాను.”

డ్రైవరమ్మ నెమ్మదిగా లేచి నిలబడింది. ఎనిమిదేళ్ళ కాపురంలో అతను తండ్రికి ఏదో చెప్పుకున్నాడని ఆమె విననే లేదు. అతను ఆమె వైపు చూడలేదు. కావాలనే చూడటం లేదని ఆమెకి అర్థమైంది.

“ఏం చెప్పావురా?” అన్నాడు మేస్త్రీ.

కొడుకు తల అడ్డంగా ఊపాడు.

ముసలాయన బల్ల చుట్టూ తిరిగి వచ్చాడు. చేతికి అంటిన నల్లటి నూనె పంచెకి తుడుచుకున్నాడు. కొడుక్కి జానెడు దూరంలో నిలబడి, కిటికీ వెలుతురు వాడి మొహం మీద పడేలా భుజం పట్టుకుని తిప్పాడు. రెండు కళ్ళూ వాడి పెదాల మీద నిలిపాడు.

“ఇప్పుడు చెప్పరా,” అన్నాడు. “చూస్తున్నాను.”